ఎలుక తోక తేల్చిన తగవు

జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ ఫిర్కో 1857లో పుర్రె అడుగున జిగురుముద్దల్లాంటి చిన్న పెరుగుదలలను పరీక్షించాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల నిండా బుడగలే. ఇవి మృదులాస్థి నుంచి పుట్టినవని తేల్చేశాడు. మరుసటి ఏడాదే హైన్రిష్ ముల్లర్ కాదన్నాడు. పిండంలో వెన్నెముక కంటే ముందే ఏర్పడే పృష్ఠవంశం పూర్తిగా కరిగిపోక మిగిలిన శేషమే ఇదని ఆయన వాదన. అది నెగ్గడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. ఫిర్కో అంటే ఆనాటి రోగశాస్త్రానికి పెద్ద దిక్కు మరి. 1890ల మధ్యలో హ్యూగో రిబ్బెర్ట్ కుందేళ్ల వెన్ను డిస్కులను గుచ్చి, బయటికొచ్చిన గుజ్జు అలాంటి ముద్దలే కట్టడం చూపించాడు. కార్డోమా అని పేరు పెట్టిందీ ఆయనే.

ఏటా పది లక్షల మందిలో సుమారు ఒకరికి వచ్చే ఈ కణితి తరచుగా వెన్ను చివర, త్రికాస్థిలో కాపురం పెడుతుంది. పెరుగుదల నెమ్మది. కూర్చుంటే నొప్పి, మలబద్ధకం, పిరుదుల దగ్గర తిమ్మిరి. సయాటికా అనో, మొలలనో మందులు వాడుతూ ఏళ్లు గడిచిపోతాయి. మామూలు ఎక్స్‌రేలో పేగుల్లోని గాలి నీడలు ఎముకను కప్పేస్తాయి. సీటీ, ఎంఆర్ఐ లేని రోజుల్లో వైద్యుడి వేలే ఆధారం. మలద్వారం గుండా తడిమితే వెనకవైపు కదలని గడ్డ తగిలేది, దాని మీద పేగు లోపలి పొర మాత్రం నున్నగా జారేది. పైసా ఖర్చులేని ఈ పరీక్షను మొహమాటంతో వదిలేయడం ఇప్పటికీ మానని అలవాటే.

దొరికినా తీయడం ఎలా? గీకి ముక్కలుగా తీస్తే మిగిలిన కణాలు మళ్లీ మొలకెత్తేవి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బెర్టిల్ స్టెనర్, బ్యోర్న్ గుంటర్‌బర్గ్ కణితిని తాకకుండా త్రికాస్థినే కోసి తీసే పద్ధతిని 1978లో ప్రచురించారు. అంత ఎముక పోతే మనిషి నిలబడగలడా అన్న సందేహానికి గుంటర్‌బర్గ్ ముందే జవాబు వెతికాడు: శవాల కటి ఎముకలను అలాగే కోసి, విరిగేదాకా బరువు పెట్టి చూశాడు. బలం తగ్గింది కానీ నిలబడటానికి సరిపోయింది. నాడుల లెక్క వేరు. త్రికనాడులు ఒకవైపే పోతే మలమూత్రాల మీద అదుపు చాలావరకు నిలుస్తుంది. రెండువైపులా పైదాకా పోతే అదీ పోతుంది. ఎక్కడ కోయాలన్నది అందుకే రోగితో ముందే మాట్లాడుకోవాల్సిన సంగతి.

మృదులాస్థి తగవు మాత్రం పాథాలజీ బల్ల మీద మిగిలే ఉంది. మృదులాస్థి క్యాన్సరైన కాండ్రోసార్కోమా అచ్చం ఇలాగే కనిపించి బురిడీ కొట్టించేది. తేల్చింది ఎలుకలు. 1927లో పారిస్‌లో నదేజ్దా దోబ్రొవోల్‌స్కయా జవద్‌స్కయా పొట్టితోక ఎలుకల వంశాన్ని వర్ణించింది. అందుకు కారణమైన బ్రాకియూరీ జన్యువే పృష్ఠవంశాన్ని నిర్మిస్తుందని తర్వాత తెలిసింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ కార్డోమాలో ఉంటుందనీ, కాండ్రోసార్కోమాలో ఉండదనీ 2006లో లండన్ పరిశోధకులు చూపించారు. ముల్లర్ మాటకు జన్యువుల రుజువు దొరికేసరికి దాదాపు 150 ఏళ్లు!

ఇప్పుడు వెనకనుంచి సూది గుచ్చి ముక్క తీస్తారు, పేగు గుండా కాదు; సూది వెళ్లిన దారిని కూడా ఆపరేషన్‌లో కోసేస్తారు. మామూలు మోతాదు రేడియేషన్‌కు ఈ కణితి లొంగదు. పేగు కాలకుండా ఎక్కువ మోతాదు ఇవ్వడానికి ప్రోటాన్ కిరణాలు వాడతారు. ఆ కిరణాలిచ్చే యంత్రం చెన్నైలో 2019లో మొదలైంది.