గతిశీల సామర్థ్యం

పెట్టుబడి, పరిశోధన, కొత్త పద్ధతుల వల్ల కాలక్రమేణా ఖర్చు తగ్గి నాణ్యత పెరగడాన్ని ఆర్థికశాస్త్రంలో గతిశీల సామర్థ్యం అంటారు. ఉన్న వనరులతో ఇవాళే గరిష్ఠ ఫలితం రాబట్టేది నిశ్చల సామర్థ్యం. ఈ రెండింటికీ తరచూ పొసగదు. రేపటి ప్రగతి కోసం ఇవాళ కొంత వదులుకోవాల్సి రావచ్చని జోసెఫ్ షుంపీటర్ 1942లోనే వాదించాడు.

ఉదాహరణకు, హైదరాబాద్ మెట్రోలో చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా సాగే మార్గాన్నే చూడండి. జేబీఎస్, ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ల మధ్య ఈ 11 కిలోమీటర్ల మార్గం 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. మార్చిలోనే లాక్‌డౌన్‌తో రైళ్లు ఆగిపోయాయి. ఆ ఏటి లెక్కలే చూస్తే దండగనిపిస్తుంది. కానీ ఇవాళ అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు వచ్చే విద్యార్థి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా చేరుకుంటున్నాడు. అలా మిగిలిన సమయం చదువుకు దక్కడమే అసలు ప్రతిఫలం, దాన్ని టికెట్ రాబడిలో వెతకడం తప్పు.