టీకా వరుసలో ముందెవరు?

టీకా అనగానే సాహిత్య విద్యార్థికి గుర్తుకు వచ్చేది పద్యం కింద పండితుడు రాసిన వివరణ. మా పల్లెలో ఆ మాటకు అర్థం వేరు. టీకాలాయన వస్తున్నాడంటే తల్లులు పిల్లల్ని గాదెల వెనక దాచేవారు. దాచినా దొరికిపోయినవాళ్లలో నేనొకణ్ణి. నా ఎడమ జబ్బ మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తల్లుల్ని మూఢులనడం తేలిక. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. టీకాల చరిత్ర చదివిన తర్వాత మాత్రం వాళ్ల భయం పూర్తిగా అర్థంలేనిది కాదని తోచింది.

2021లో కోవిడ్ టీకా వచ్చినప్పుడు, ముందు ఎవరికి వెయ్యాలన్నది కొత్త సమస్య అయినట్టు చర్చ జరిగింది. నిజానికి అది 300 ఏళ్ల నాటి సమస్య. ఆ చరిత్రలో నాకు ఒక వరుస కాదు, రెండు వరుసలు కనిపిస్తాయి. మందు వల్ల కీడు జరుగుతుందో మేలు జరుగుతుందో తెలియనప్పుడు నిలబెట్టే వరుస మొదటిది. మేలని తేలిన తర్వాత ఏర్పడే వరుస రెండోది. మొదటి వరుసలో ముందున్నవాడు రెండో వరుసలో ఎక్కడున్నాడో చూస్తే ఆ సమాజపు స్వభావం బయటపడుతుంది.

1721 ఆగస్టులో లండన్ న్యూగేట్ జైలులో మరణశిక్ష పడిన ఆరుగురికి, ముగ్గురు పురుషులకూ ముగ్గురు స్త్రీలకూ, మశూచి పుండు రసిని చర్మం కింద ఎక్కించారు. టీకా ఇంకా పుట్టలేదు. అది అంతకు ముందున్న పద్ధతి. బతికితే విడుదల అన్నది ఒప్పందం. ఉరితాడుకూ సూదికీ మధ్య ఎన్నుకోమనడాన్ని సమ్మతి అనగలమా? ఆరుగురూ బతికారు. అయినా రాజకుటుంబానికి నమ్మకం చాలలేదు. అనాథ పిల్లల మీద మరోసారి పరీక్షించారు. ఆ తర్వాతే, 1722 ఏప్రిల్‌లో, ఇద్దరు రాకుమార్తెలకు ఆ రసి ఎక్కించారు. ఖైదీ, అనాథ, రాకుమార్తె: ఈ క్రమం యాదృచ్ఛికం కాదు.

1796 మే 14న జెన్నర్ ఆవు మశూచి రసిని తొలిసారి ఎక్కించింది తన తోటమాలి కొడుకుకి. ఆ ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్‌కే జూలైలో అసలు మశూచి రసి ఎక్కించి, రోగం రాలేదని నిర్ధారించుకున్నాడు. 1803 నవంబరులో స్పెయిన్ రాజు పంపిన ఓడ 22 మంది అనాథ బాలురతో లా కొరున్యా రేవు నుంచి అమెరికా ఖండానికి బయలుదేరింది. మందును చల్లగా నిలవచేసే సాధనాలు లేని కాలం. ఒకరి చేతి పొక్కు నుంచి మరొకరి చేతికి ఎక్కిస్తూ, ఆ పసివాళ్ల శరీరాలనే సీసాలుగా చేసి టీకాను సముద్రం దాటించారు. ఆ యాత్ర అసంఖ్యాక ప్రాణాలను కాపాడింది, కాదనను. కాని ఆ పని కోసం ఏ ప్రభువూ తన కొడుకును ఓడ ఎక్కించలేదు.

ఈ చరిత్రలో భిన్నమైన ఘట్టమూ ఉంది. 1897 జనవరి 10న బొంబాయిలో ప్లేగు టీకాను హాఫ్కిన్ తన శరీరంలోకే ఎక్కించుకున్నాడు. బైకుల్లా జైలు ఖైదీల వద్దకు వెళ్లింది ఆ తర్వాతే. ఆ ఖైదీలకు ఎంత స్వేచ్ఛ ఉందన్న ప్రశ్న మిగిలే ఉన్నా, మందు చేసినవాడు తానే ముందు నిలబడ్డాడు. శాస్త్రానికి ఆ నీతి అసాధ్యమేమీ కాదని ఇది రుజువు.

ఇదంతా పాత కథ అనుకొనేవారు మన ఖమ్మం జిల్లాను గుర్తు తెచ్చుకోవాలి. 2009లో అక్కడ సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో చదువుకొనే ఆదివాసీ పిల్లలు. కొన్ని మరణాల వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం అభిప్రాయపడింది. ఆ టీకా పనిచేస్తుందన్నదీ శాస్త్రం తేల్చిన విషయమే. కాని అంగీకార పత్రాలు తిరగేస్తే, తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేసినవి రెండు వేలకు పైగా తేలాయి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నగరంలో అదే టీకాను వేల రూపాయలు పెట్టి కూతురికి వేయించే తండ్రిని డాక్టరు కూర్చోబెట్టి వివరిస్తాడు. భద్రాచలం అడవిలోని తండ్రిని అడగవలసిన అవసరమే కనిపించలేదు.

ఇక 2021 జనవరి 16. ఢిల్లీలో తొలి టీకా ఒక పారిశుధ్య కార్మికుడికి. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో తొలి టీకా ఒక పారిశుధ్య కార్మికురాలికి. రోగానికి అందరికంటే దగ్గరగా పనిచేసినవారు ముందుండటం న్యాయమే. అయితే అప్పటికి రెండు టీకాల్లో ఒకదాని మూడోదశ ఫలితాలు రాలేదన్న సంగతి మరువరాదు. కెమెరాల ముందు ఆ కార్మికులకు దక్కింది గౌరవమా, మొదటి వరుసా? రెండూ కావచ్చు. తర్వాతి విడతల్లో వయసు లెక్కించారు, జబ్బు లెక్కించారు. ఒకే గదిలో ఎనిమిదిమంది పడుకొనే బస్తీని లెక్కించలేదు. మే 1 నుంచి 18 ఏళ్లు నిండినవారు ఫోనులో పేరు నమోదు చేసుకోవలసి వచ్చింది. డబ్బున్నవాడికి ప్రైవేటు ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. ఆ విధానం నిర్హేతుకమని సుప్రీంకోర్టు అన్న తర్వాత, జూన్ 21 నుంచి పెద్దలందరికీ కేంద్రమే ఉచితంగా ఇచ్చింది. ఆసుపత్రి ఊడ్చేవారిని ముందు నిలబెట్టిన దేశమే, అపార్టుమెంటు ఊడ్చే పాతికేళ్ల పనిమనిషిని ఆ నెలల్లో స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్ల వెనక నిలబెట్టింది.

నేను టీకాకు వ్యతిరేకిని కాను. మశూచిని భూమి మీద నుంచి తుడిచిపెట్టింది టీకాయే. నేననేది ఇంతే: ప్రమాదంలో ముందున్నవాడికి ఫలితంలోనూ ముందు హక్కు ఉండాలి, ఏ వరుసలో నిలబెట్టేముందైనా మనిషిని అడగాలి.

ఇందులో మన ఆత్మవిమర్శ కూడా ఉంది. పిల్లల్ని దాచిన తల్లిని అజ్ఞానానికి ఉదాహరణగా చూపించి, టీకాలాయన్ను విజ్ఞానానికి ప్రతినిధిగా నిలబెట్టడం మన అభ్యుదయ రచనకు అలవాటైన పద్ధతి. ఆమెకు శాస్త్రం తెలియకపోవచ్చు. తనను ఎవరూ ఏమీ అడగరన్న సంగతి మాత్రం ఆమెకు బాగా తెలుసు. ఆ గాదె వెనక కథను మనం ఆమె వైపు నుంచి మళ్లీ రాయవలసి ఉంది.