రిడ్జ్‌ మీద సర్కారు తుమ్మ

అరావళి కొండల ఉత్తర కొస ఢిల్లీ నగరంలోకి చొచ్చుకువచ్చి, యమున దరి దాకా సాగుతుంది. ఈ రాతి గుట్టల వరుసనే అక్కడివారు రిడ్జ్‌ అంటారు. 1911లో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించేనాటికి, తరతరాల పశువుల మేతకూ వంటచెరకుకూ బలై ఈ గుట్టలు చాలావరకు బోడిగా మిగిలాయి. కొత్త నగరానికి పచ్చని తెర కావాలనుకున్న బ్రిటిష్‌ పాలకులు 1913లో కొంత భాగాన్ని రిజర్వు అడవిగా ప్రకటించి, మొక్కలు నాటించారు. దేశవాళీ మొక్కలు రాతినేలలో నెమ్మదిగా ఎదుగుతాయి గనుక, ఉద్యాన అధికారి విలియం రాబర్ట్‌సన్‌ ముస్టో కాలంలో నీరు లేకున్నా ఏపుగా పెరిగే అమెరికా ఖండపు చెట్టు ఒకటి అక్కడికి చేరింది. ఢిల్లీవారు విలాయతీ కీకర్‌ అనే ఆ చెట్టు తెలుగువారికి సర్కారు తుమ్మగా చిరపరిచితం; మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్‌ కోరగా తెప్పించిన దాని విత్తనాలను 1877లోనే కడప జిల్లా కమలాపురంలో నాటారు.

పాలకులు కోరిన పచ్చదనం వచ్చింది గానీ, అడవి రాలేదు. సర్కారు తుమ్మ వేళ్ళు లోతుకు దిగి అడుగు నీటిని లాగేస్తాయి. రాలిన ఆకుల్లోని రసాయనాలు ఇతర విత్తనాలను మొలకెత్తనివ్వవు. ఒక మొక్క తన రసాయనాలతో పొరుగు మొక్కలను ఇలా అణచివేయడాన్ని వృక్షశాస్త్రజ్ఞులు అల్లెలోపతి అంటారు. తీపిగా ఉండే దాని పసుపుపచ్చ కాయలను మనుబోతులు, పశువులు ఇష్టంగా తింటాయి. గట్టి గింజ వాటి కడుపులో అరగక, పైపెంకు మాత్రం మెత్తబడి, పేడతోపాటు కొత్త చోట పడి సులువుగా మొలుస్తుంది. ఆకలి తీర్చుకునే జంతువే తన మేత మొక్కలను నశింపజేసే చెట్టుకు విత్తనాలు చల్లిపెట్టిందన్నమాట. ఇక రిడ్జ్‌ సొంత చెట్టయిన ధౌ, అంటే మన చిరుమానుకు దగ్గరి చుట్టం, మేత ఒత్తిడిలో నేలకు అంటుకుని పాకుతూ, దాన్ని మేయకుండా వదిలితేనే నిటారుగా లేస్తుంది. విత్తనాలు చాలావరకు తాలుగానే పోవడం వల్ల వేరుపిలకల మీదే ఆధారపడే ఈ చెట్టు, ఒకసారి చోటు కోల్పోతే తనంతట తాను తిరిగి రావడం బహుకష్టం. ధౌ, మోదుగ, తెల్లతుమ్మ, గార తగ్గినచోట వాటి పూలనూ ఆకులనూ నమ్ముకున్న పురుగులు, సీతాకోకచిలుకలు, వాటిని తినే పక్షులు కూడా తగ్గక తప్పదు.

అయితే సర్కారు తుమ్మను ఒక్కసారిగా నరికివేయడం పరిష్కారం కాదు, ఎందుకంటే నరికిన మొదలు మళ్ళీ చిగురిస్తుంది. పైగా దశాబ్దాలుగా దానిలోనే గూళ్ళు కట్టుకున్న పక్షులకు నీడ కరువవుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్‌ సి.ఆర్‌.బాబు బృందం, ఢిల్లీ అభివృద్ధి సంస్థతో కలిసి, వసంత్‌ విహార్‌ దగ్గరి పాత గనుల గుంతల నేలను అరావళి జీవవైవిధ్య ఉద్యానంగా మార్చినప్పుడు ఓర్పుతో కూడిన మార్గాన్ని ఎంచుకుంది: కింది కొమ్మలు కొట్టి వెలుగు నేలకు దిగనిచ్చి, ఆ నీడలోనే దేశవాళీ మొక్కలు నాటి, అవి ఎదిగిన కొద్దీ తుమ్మను వెనక్కి నెట్టడం దాని సారాంశం. ఆ ఉద్యానంలో ఇప్పుడు ధౌ తోపులు నిలబడ్డాయి. రిడ్జ్‌గా గుర్తించిన సుమారు 7,777 హెక్టార్లలో అధికభాగం మాత్రం నేటికీ సర్కారు తుమ్మ పట్టులోనే ఉంది.