కోయకముందే వేరు: గాలి అంటు కథ

పోయిన ఎపిసోడ్‌లో కుండీల్లో పెంచే బోన్సాయ్ చెట్ల గురించి మాట్లాడుకున్నాం. విత్తనం వేసి ఏళ్లకేళ్లు ఆగడం మనవల్ల అయ్యే పని కాదు. వీసా రెండేళ్లకోసారి రెన్యువల్, రూములో ఉన్న జాగా బాల్కనీలో ఓ మూల. అందుకే ఇవాళ గాలి అంటు చరిత్ర చెప్తాను.

గాలి అంటు అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు తెప్పించడం. వేళ్లు వచ్చాకే కోస్తాం. అప్పటికే లావెక్కిన కొమ్మ గనక, కోసిన రోజే కుండీలో చిన్న ముసలి చెట్టులా నిలబడుతుంది. వేళ్లు కూడా మొదలు చుట్టూ పరుచుకుంటాయి. బోన్సాయ్‌కి అదే అందం.

చైనాలో క్రీ.శ. 706 నాటి యువరాజు ఝాంగ్‌హువై సమాధి గోడ మీద, పళ్లెంలో బుల్లి చెట్లు పట్టుకున్న సేవకుడి బొమ్మ ఉంది. యువరాజు పేరు చరిత్రలో మిగిలింది, చెట్టు మోసినవాడి పేరు మిగల్లేదు. చైనా నుంచి ఈ కళ జపాన్ చేరింది. ఇంగ్లీషు తోటపని పుస్తకాలు గాలి అంటును 'చైనీస్ లేయరింగ్' అని కూడా రాశాయి.

పుస్తకాల కంటే నాకు నచ్చిన సాక్ష్యం మన లేబర్ క్యాంపుల్లోనే ఉంది. మీ పక్క బెడ్డు బంగ్లాదేశ్ భాయ్‌ని అడగండి, 'గుటి కలమ్' అంటాడు. ఇండోనేషియా వాళ్లు 'చంకోక్' అంటారు. ఫిలిప్పీన్స్ వాళ్లు 'మార్కాట్' అంటారు, అది ఫ్రెంచి 'మార్కోత్'కి చుట్టం. జపాన్‌లో 'తోరికి'. మన కడియం నర్సరీల వైపు అంటు. ఇన్ని పేర్లున్నా చేతిపని ఒక్కటే.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియకముందే జనం చేసేశారు. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ కొమ్మ బెరడు ఉంగరంలా తీసి చూస్తే, గాటు పైభాగం ఉబ్బింది. నీళ్లు లోపలి కర్రలోంచి పైకి పోతాయి, ఆకు వండిన తిండి బెరడులోంచి కిందికి దిగుతుంది. దిగే దారి తెగితే అది గాటు దగ్గరే నిలిచిపోతుంది. ఆక్సిన్ అనే హార్మోన్‌ను ఫ్రిట్స్ వెంట్ 1928లో బయటపెట్టాడు. వేళ్లు పుట్టించేది కూడా అదేనని 1930ల్లో తేలింది.

పాతకాలంలో అసలు కష్టం తడి ఆరకుండా చూడటం. మన దేశపు తోటల్లో గాటు చుట్టూ మట్టిముద్ద పెట్టి, పైన చిల్లు కుండ వేలాడదీసి, తాడు వెంట చుక్కచుక్కగా నీళ్లు దిగేలా చేసేవాళ్లు. శివలింగం మీద ధారాపాత్ర లాగా అన్నమాట. 1933లో ఇంగ్లండులో పాలిథిన్ పుట్టింది. యుద్ధం తర్వాత ఆ కాగితం తోటల్లోకి వచ్చి కుండనూ తాడునూ పక్కన పెట్టేసింది. డ్యూటీకి పోయి పన్నెండు గంటల తర్వాత తిరిగొచ్చే మనిషి కూడా అంటు కట్టగలుగుతున్నాడంటే దాని చలవే.

చేసే తీరు ఇది. మీ సొంత కుండీలోని ఫైకస్ (మన మర్రి జాతే, ఊడలు దింపే గుణం దాని రక్తంలో ఉంది) తీసుకోండి. పెన్సిల్ లావు కొమ్మకు అంగుళం మేర బెరడు చుట్టూ తీయండి. కింద పచ్చగా జిగురుగా ఉండే పొర గీకెయ్యండి, లేకపోతే గాటు మళ్లీ పూడుకుపోతుంది. పాలు తుడవండి. నానబెట్టి పిండిన కొబ్బరి పీచు చుట్టి, పాలిథిన్ కప్పి, రెండు కొసలూ బిగించండి. ఎండ పడితే పైన వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. గల్ఫ్‌లో మండు వేసవి వద్దు. ఒకటి రెండు నెలల్లో కవరులోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. నిండుగా వచ్చాక కింద కోసి, కుండీలో నాటి, కొన్నాళ్లు నీడన ఉంచండి.

ఇంకో మాట. పర్మిట్టు, ఆరోగ్య పత్రం లేకుండా బతికున్న మొక్కను మన దేశంలోకి తీసుకుపోనివ్వరు. కాబట్టి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకునే ముందు, నాలుగు నెలలుండగానే అంటు కట్టి, రూములో ఉండిపోయేవాళ్లకు ఇచ్చి వెళ్లండి. నా బాల్కనీలో ఉన్న చెట్టు అలా వచ్చిందే, కట్టిచ్చిన ఆయన ఊరెళ్లి మూడేళ్లయింది. ఈ శీతాకాలం దాని మీద ఇంకోటి కడుతున్నాను, ఎవరికో చెప్పను.