గట్టున లేని గోదావరి ఊరు

నిడదవోలు గోదావరి గట్టున లేదు. అయినా గోదావరిని ప్రక్కన పెట్టి ఈ ఊరి చరిత్ర చెప్పలేము.

పేరు చాలా పాతది. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల కాలపు నిరవద్యప్రోలే ఇదని పండితులు అంటారు. ప్రోలు అంటే ఊరు. జనం నోట నలిగి వోలు అయింది. 13వ శతాబ్దంలో ఇక్కడి చాళుక్య వీరభద్రునికే కాకతీయ రుద్రమదేవిని ఇచ్చి వివాహం చేశారు. రుద్రమను ఎరుగనివారు లేరు గాని, ఆమె అత్తవారి ఊరిని చాలామంది రైల్వే జంక్షన్‌గానే ఎరుగుదురు!

ఇక నీటి సంగతి గమనించండి. 1833 కరువులో ఇంత గోదావరి ప్రక్కనే పారుతున్నా ఈ జిల్లా ప్రజలు ఆకలితో చనిపోయారు. నీరు సముద్రానికి పోయేది, చేనుకు ఎక్కేది కాదు. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టగా 1852లో పూర్తయింది. దాని పడమటి కొసన విజ్జేశ్వరం. అక్కడ బయలుదేరిన కాలువ నీరు నిడదవోలుకు వచ్చింది. పొలాలు తడిసాయి, ఏలూరు కాలువ మీద పడవలు బెజవాడ దాకా నడిచాయి.

2022లో జిల్లాలు మారి, పడమటి ఒడ్డున ఉన్న ఈ ఊరు తూర్పు గోదావరిలో చేరింది. ఏరు మాత్రం ఉన్నచోటనే ఉంది.

అయితే మెట్టకూ డెల్టాకూ నడుమనున్న ఊరు కదా, మెట్ట నుండి ఎర్రకాలువ కూడా ఇటే దిగివస్తుంది. 2024 జూలైలో అది పొంగి, అప్పుడే నాటిన వరి చేలు మునిగిపోయాయి. తాతలు నీరు లేక ఏడ్చిన నేలలో మనుమలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి నారు వెదుక్కున్నారు.