నల్ల తోలు చాటున ఎర్ర జన్యువు

1873లో జార్జ్ గ్రాంట్ స్కాట్లాండ్ నుంచి నాలుగు ఆంగస్ ఆబోతులను అమెరికాలోని కాన్సస్‌కు తెప్పించాడు. నల్లటి బోడి పశువులవి. టెక్సాస్ పొడుగు కొమ్ముల ఆవులకు వాటితో చూడి కట్టిస్తే, ఈనిన దూడల్లో చాలా వరకు నల్లగా, కొమ్ముల్లేకుండా పుట్టాయి. తల్లి రంగూ తల్లి కొమ్ములూ ఏమైనట్టు? చూసినవారికి తండ్రి రక్తమే గట్టిదనిపించడం సహజం. నిజానికి తల్లి జన్యువులు ఎక్కడికీ పోలేదు, ప్రతి దూడ ఒంట్లోనూ సగం అవే. నలుపు, బోడితనం రెండూ బహిర్గత లక్షణాలు. వాటి జన్యువు ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపిస్తాయి.

పైకి కనిపించేదానికీ లోపలున్న జన్యువుకూ మధ్య ఉన్న ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే ఆంగస్ పెంపకందారులు ఒక వృథా ప్రయాసకు దిగారని నా అభిప్రాయం. 1883లో ఏర్పడిన అమెరికా ఆంగస్ సంఘం మొదట్లో నల్లవాటినీ ఎర్రవాటినీ ఒకే పుస్తకంలో నమోదు చేసేది. జాతి అంతా నల్లగా ఉండాలన్న పట్టుదలతో 1917లో ఎర్ర పశువులకు తలుపులు మూసింది. అప్పటికి మెండెల్ సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చి పదిహేడేళ్లు. ఎర్రదనం అంతర్గత లక్షణం, దూడ ఎర్రగా పుట్టాలంటే తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి రెండు ప్రతులు అందాలి. నూటికి ఒక దూడ ఎర్రగా పుట్టే మందను, రంగుతో నిమిత్తం లేకుండా జతలు కలిసేదాన్ని, తీసుకుని లెక్క వేయండి. వంద పశువుల్లో ఎర్ర జన్యువు ప్రతులు 20. వాటిలో రెండు మాత్రమే ఆ ఎర్ర దూడలో ఉన్నాయి. మిగతా 18 ప్రతులు 18 నల్ల పశువుల్లో, పుస్తకంలో సగర్వంగా పేరెక్కినవాటిలో, ఉన్నాయి.

ఎర్రవాటిని ఏరేస్తూ పోతే ఏనాటికైనా అంతరించవా అని అడగవచ్చు. తగ్గుతాయి, కానీ ఆ జన్యువు వాటా సగమవడానికే పది తరాలు, అంటే సుమారు యాభై ఏళ్లు పడుతుంది. అరుదయ్యేకొద్దీ అది నల్లవాటిలోనే దాగుతుంది గనుక ఏరివేత ఇంకా మందగిస్తుంది. ఆబోతును ఎర్ర ఆవులతో కలిపి పరీక్షించే దారి ఉన్నమాట నిజమే. ఎర్ర జన్యువున్న ఆబోతుకు వరసగా ఏడు దూడలూ నల్లగానే పుట్టే అవకాశం 128లో ఒకటే. కానీ ఏడాదికొక దూడను ఈనే ఆవును అలా పరీక్షించాలంటే ఏడేళ్లు కావాలి. ఇక నలుపు పైచేయి అయింది గనుక అదే మేలైనదన్న వాదనకు ఆధారం లేదు. రంగు కణాల్లోని ఒక గ్రాహకం నల్ల పశువుల్లో ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, ఎర్రవాటిలో పనిచేయదు. పనిచేసే జన్యువు ఒక్క ప్రతి ఉన్నా చాలు గనుక నలుపు కనబడుతుంది. బహిర్గతం అన్నమాటకు అర్థం అంతవరకే.

నల్ల మందల్లో ఎర్ర దూడలు పుడుతూనే వచ్చాయి. 1954లో ఏడుగురు పెంపకందారులు వాటికోసం రెడ్ ఆంగస్ సంఘం పెట్టారు. ఎర్ర ఆంగస్‌ను ఎర్ర ఆంగస్‌తోనే కలిపితే రంగు తప్పదు, నల్లవాటికి ఆ హామీ లేదు. అయినా 1978లో మొదలైన సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ ముద్రకు కూడా పశువు తోలు ప్రధానంగా నల్లగా ఉండాలన్నదే తొలి షరతు. ఆ నలుపు ఏ జాతి నుంచి వచ్చిందో తోలు చెప్పదు.