మౌనము క్షేమము కాదు: పిల్లల ఫోనులో కావలి యాప్ కథ

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు ప్రాంతమున మిరపకోతల దినములలో తల్లిదండ్రులు ప్రొద్దున్నే చేలకు పోవుదురు. బడికి పోవు బిడ్డ చేతిలో ఒక ఫోను, ఆ ఫోనులో ఒక కావలి యాప్ ఉన్నవనుకొందము. సాయంకాలము నాలుగు గంటలకు తల్లి తన ఫోను చూచినది. బిడ్డ బడిలోనే ఉన్నట్లు కనబడగా నిశ్చింతగా మరల కోతకు వంగినది. కాని ఆ వార్త మధ్యాహ్నము పన్నెండు గంటలనాటిది! ఆ తరువాత యాప్ పలుకనే లేదు. ఇట్లేల జరుగును? సమాధానము ఇటీవలి ఫోనుల చరిత్రలో ఉన్నది.

తొలినాటి ఆండ్రాయిడ్ ఫోనులలో యాప్‌లకు తెర వెనుక పనిచేయుటకు చాలవరకు స్వేచ్ఛ ఉండెడిది. ప్రతి యాప్ తన ఇష్టము వచ్చినపుడు ఫోనును మేల్కొలుపుటవలన బ్యాటరీ త్వరగా తరిగిపోయెడిది. దీనిని సవరించుటకు 2015లో ఆండ్రాయిడ్ 6 ‘డోజ్’ అను పద్ధతిని తెచ్చినది. ఛార్జింగు లేక, తెర ఆరి, కదలక ఉన్న ఫోను కొంతసేపటికి కునుకు తీయును. అప్పుడు సామాన్యముగా యాప్‌లకు ఇంటర్నెట్టు అందదు. నడుమ నడుమ కొద్దిసేపు మాత్రము అన్నింటికి కలిపి అవకాశమిచ్చును. కాలువ క్రింది చేలకు వంతులవారీగా నీరు వదలుట వంటిదే ఇది. 2016లో ఆండ్రాయిడ్ 7, జేబులో కదలుచున్న ఫోనుకు కూడ దీని తేలికపాటి రూపమును వర్తింపజేసినది.

2017లో ఆండ్రాయిడ్ 8, తెర వెనుకనున్న యాప్‌కు ఫోను ఉన్న చోటును గంటకు కొన్నిసార్లు మాత్రమే తెలుపునట్లు చేసినది. 2018లో ఆండ్రాయిడ్ 9, తరచుగా తెరువని యాప్‌లకు వంతులు తగ్గించినది. చిక్కు ఇక్కడనే ఉన్నది: కావలి యాప్‌ను బిడ్డ ఎందుకు తెరచును? 2019లో ఆండ్రాయిడ్ 10, చోటు తెలిసికొనుటకు ‘అన్ని వేళల’ అను ప్రత్యేకానుమతిని ఏర్పరచినది. 2020లో ఆండ్రాయిడ్ 11, నెలల తరబడి వాడని యాప్‌ల అనుమతులను తానే వెనుకకు తీసికొనుట మొదలుపెట్టినది. ఇవి తల్లిదండ్రులకు అడ్డుపడుటకు చేసినవి కావు. బ్యాటరీని కాపాడుటకు, మనలను రహస్యముగా వెంబడించు యాప్‌లను అరికట్టుటకు చేసినవి. గూఢచారి యాప్‌కును కావలి యాప్‌కును యంత్రము దృష్టిలో భేదము స్వల్పము.

ఫోను వ్యవస్థను నిర్మించినవారే కావలిని కూడ ఏర్పరచుట మరియొక మార్గము. 2017లో గూగుల్ ‘ఫ్యామిలీ లింక్’ను, 2018లో ఆపిల్ ‘స్క్రీన్ టైమ్’ను ఇట్లే తెచ్చినవి. 2019లో ఆపిల్ ఇతరుల కావలి యాప్‌లను కొన్నింటిని తన స్టోరునుండి తొలగించినది. సంస్థలు తమ పరికరములను దూరమునుండి అదుపు చేయుటకు వాడు ‘ఎమ్.డి.ఎమ్.’ పద్ధతిని అవి పిల్లల ఫోనులపై వాడుటయే కారణమని చెప్పినది. విమర్శ రాగా, ఆ యేడు జూన్‌లో షరతులతో అనుమతించినది.

అదే పద్ధతి మన చెంతకు కూడ వచ్చినది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీని ప్రారంభించినది. సుమారు 4.59 లక్షల విద్యార్థులకు, 59 వేల ఉపాధ్యాయులకు ఉద్దేశించిన ఆ ట్యాబులలో పాఠములు తప్ప ఇతరములు తెరువకుండ అదుపు సాఫ్ట్‌వేర్ ఉంచిరి. పరికరము మొదటినుండి సంస్థ అధీనములో ఉన్నపుడు ఇట్టి ఏర్పాటు సాధ్యము. ఇంటి ఫోనులో తరువాత చేర్చిన సామాన్య యాప్‌కు ఆ బలము లేదు. ఫోనును రీసెట్ చేసినచో అది మాయమగును.

కనుక తల్లిదండ్రులు ఆ యాప్‌కు బ్యాటరీ నిర్బంధము తొలగించి, చోటు చూపుటకు ‘అన్ని వేళల’ అనుమతి ఇవ్వవలెను. ఫోను అప్‌డేట్ అయిన ప్రతిసారి ఇవి మారలేదని సరిచూడవలెను. ఇది బిడ్డకు తెలిసి జరుగుట మేలు. తెలిసిన బిడ్డ యాప్ ఆగినదని తానే చెప్పగలదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. రెండు ఫోనులలో ఒకే యాప్‌ను ఉంచి, ఒకదానికి మాత్రము బ్యాటరీ నిర్బంధము తొలగించి, రెండింటిని తెర ఆర్పి గంటసేపు బల్లపై కదల్చక ఉంచుడు. పిమ్మట చివరి వార్త ఏ వేళకు వచ్చినదో రెండింటిలోను చూచి, పలకపై వ్రాయుడు. యాప్ ఏమి చెప్పినదో చూచుటకన్న, ఎప్పుడు చెప్పినదో చూచుట ముఖ్యమని విద్యార్థులు తామే గ్రహింతురు.